ద రికార్డ్స్ ఎల్పీలు: బ్రిటన్ ప్రతి కొనాలా, అమెరికా ప్రతి కొనాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ద రికార్డ్స్ అనే ఈ బ్రిటిష్ బ్యాండ్ గురించి తెలుగులో ఎవరైనా అడగడం నేనైతే ఇప్పటిదాకా చూడలేదు. నువ్వు అడిగింది మొత్తం ఒకసారి చెప్పి మొదలుపెడతాను. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో, విరాళంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే ఒక చారిటీ షాపులో 'షేడ్స్ ఇన్ బెడ్' అనే వాళ్ళ ఎల్పీ, అంటే ఆల్బమ్ మొత్తం ఉండే పెద్ద రికార్డు, తక్కువ ధరకి కనిపించింది. తర్వాత ఒక రికార్డ్ ఫెయిర్‌లో 'ద రికార్డ్స్' అని బ్యాండ్ పేరే పెట్టిన అమెరికా ఎల్పీ దానికి మూడు నాలుగు రెట్ల ధరకి చూశావు, వెనక చదివితే పాటలు దాదాపు అవే. రెండూ ఒకటేనా, ఏది తీసుకోవాలి, వీళ్ళవి మిగతా ఆల్బమ్‌లు కూడా వెతకాలా, చదువు అయ్యాక గుంటూరు తీసుకెళ్తే ఇంట్లో నాన్నగారి పాత ప్లేయర్ మీద వేయొచ్చా అని అడిగావు.

రెండూ ఒకటి కాదు. చారిటీ షాపుది ఇంకా అక్కడే ఉంటే ముందు వెళ్ళి తీసేసుకో, ఆ ధరకి అంత ఆలోచన అక్కర్లేదు. కానీ నిజంగా ఒక్కటే కొనే పరిస్థితి ఉంటే నేను అమెరికా ప్రతే కొనమంటాను. బ్రిటిష్ బ్యాండ్ అయితే బ్రిటన్‌లో మొదట అచ్చయిన ప్రతే కొనాలి అని రికార్డులు పోగుచేసే వాళ్ళు అందరూ చెప్తారు, చాలా బ్యాండ్ల విషయంలో అది కరెక్టే. ఈ ఒక్క బ్యాండ్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను, దానికి కారణం ఒకే ఒక్క పాట. ఆ పాట దగ్గరికి రావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

లండన్‌కి తూర్పున థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట సౌతెండ్ అని ఊరుంది, ఎసెక్స్‌లో. లండన్ జనం సెలవు రోజు రైలెక్కి వెళ్ళే సముద్రపు ఊరు. అక్కడ కుర్సాల్ అని ఒక పాత అమ్యూజ్‌మెంట్ పార్క్ ఉండేది, దాని పేరు మీదే 1970ల మొదట్లో కుర్సాల్ ఫ్లయర్స్ అని ఒక బ్యాండ్ పుట్టింది. అప్పట్లో పబ్ రాక్ అనేవారు, అంటే స్టేడియాలు, లేజర్ లైట్లు, ఇరవై నిమిషాల సోలోలు వదిలేసి పబ్బుల్లో నలభై యాభై మంది ముందు చిన్న పాటలు గట్టిగా వాయించడం. పక్కనే ఉన్న కాన్వీ ఐలండ్ నుంచి డాక్టర్ ఫీల్‌గుడ్ వచ్చారు, ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్ వచ్చారు, ఆ చుట్టుపక్కల వాతావరణమే అలాంటిది. కుర్సాల్ ఫ్లయర్స్‌కి 1976లో ఒక్క హిట్టు వచ్చింది, 'లిటిల్ డజ్ షీ నో', బ్రిటన్ చార్టులో 14వ స్థానం దాకా వెళ్ళింది. ఆ తర్వాత పంక్ అనే మొరటు, వేగమైన రాక్ వచ్చి అందరినీ ఊడ్చేసింది, వీళ్ళూ విడిపోయారు.

ఆ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తూ పాటల మాటలు రాసేవాడు విల్ బర్చ్. బ్యాండ్ చివరి నెలల్లో గిటార్ వాయించడానికి వచ్చి చేరినవాడు జాన్ విక్స్. ఈ ఇద్దరికీ కుదిరింది. బర్చ్ మాటలు రాస్తాడు, విక్స్ ట్యూన్ కట్టి పాడతాడు. ద రికార్డ్స్ అంటే నా దృష్టిలో ఈ ఇద్దరి జంటే, గిటారిస్టులు ఆల్బమ్‌కొకరు మారారు కానీ ఈ జంట మారలేదు. చుట్టూ అందరూ పంక్ అని అరుస్తున్న సమయంలో వీళ్ళిద్దరూ కూర్చుని బీటిల్స్, కింక్స్, బర్డ్స్ లాంటి 1960ల బ్యాండ్లు వదిలేసిన చోట అందుకున్నారు: మూడు నాలుగు నిమిషాల పాట, వినగానే నోటికొచ్చే పల్లవి, రెండు మూడు గొంతులు కలిపి పాడే హార్మొనీ, గిటార్ మాత్రం గట్టిగా. దీన్నే పవర్ పాప్ అంటారు. ఆ మాట 1967లో ద హూ బ్యాండ్ పీట్ టౌన్షెండ్ ఒక ఇంటర్వ్యూలో తమ సంగీతం గురించి అన్నది, పదేళ్ళ తర్వాత ఒక తరం మొత్తానికి అదే పేరు స్థిరపడింది.

లీడ్ గిటార్‌కి హ్యూ గవర్, బేస్‌కి ఫిల్ బ్రౌన్ వచ్చారు, 1978లో బ్యాండ్ తయారైంది. ఆ ఏడాది చివర్లో స్టిఫ్ రికార్డ్స్ కంపెనీ తన గాయకులందర్నీ కలిపి ఒక టూర్ పెట్టింది. బస్సులు కాదు, ప్రత్యేకంగా రైలే మాట్లాడుకుని ఊరూరా తిరిగారు. లీన్ లవిచ్, రెక్లెస్ ఎరిక్ లాంటి వాళ్ళు ఉన్నారు అందులో. అమెరికా నుంచి వచ్చిన రేచల్ స్వీట్ అనే పదహారేళ్ళ అమ్మాయికి వెనక వాయించే బ్యాండ్‌గా ద రికార్డ్స్‌ని తీసుకున్నారు, ముందు తమ సొంత పాటలు కొన్ని వాయించుకునే అవకాశం కూడా ఇచ్చారు. కొత్త బ్యాండ్‌కి ఊరికొక హాలు నిండా జనం ముందు వాయించే ఛాన్స్ అలా దొరికింది. అదే సమయానికి, 1978 డిసెంబర్‌లో, సొంత రికార్డు కంపెనీ పేరు మీద మొదటి సింగిల్, అంటే ఒక పాట కోసం వేసే చిన్న రికార్డు, వేశారు. 'స్టారీ ఐస్'. నేను ఇందాక చెప్పిన ఒక్క పాట అదే.

ఈ పాట గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమనుకోకు. వినేముందు కథ తెలియాలి. కుర్సాల్ ఫ్లయర్స్ రోజుల్లో వాళ్ళకొక మేనేజర్ ఉండేవాడు, బ్యాండ్ పీకల్లోతు కష్టంలో ఉన్నప్పుడు ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లో సెలవుల్లో ఉన్నాడు. బర్చ్ ఆ కోపాన్నంతా పాటలో పెట్టాడు. నువ్వక్కడ ఫ్రాన్స్‌లో ఉన్నావు, మేమిక్కడ ఇరుక్కుపోయాం, ఇక నీతో వాదన లేదు అన్న ధోరణి. తెలియకుండా వింటే మాత్రం ఎవరో అబ్బాయి తనని వదిలేసి వెళ్ళిన అమ్మాయిని ఉద్దేశించి పాడుతున్నట్టే ఉంటుంది. పేరు కూడా అలాంటిదే కదా. డబ్బుల గొడవ, కాంట్రాక్టు గొడవ, దాన్ని తీసుకొచ్చి ఇంత అందమైన ప్రేమపాట వేషం వేసి పంపడం మామూలు పనితనం కాదు.

ఇక సంగీతం చూడు. మొదట గిటార్ ఒక్కటే మొదలవుతుంది, తీగలు మూయకుండా మోగేలా వదిలేసిన శబ్దం, గణగణమని. బర్డ్స్ విన్నవాళ్ళకి వెంటనే గుర్తొస్తుంది. తర్వాత డ్రమ్స్ అందుకుంటాయి, బర్చ్ డ్రమ్స్‌లో హడావుడి ఉండదు, పాటని ముందుకి తోస్తూనే ఉంటాడు. గొంతు వెంటనే రాదు, గిటార్‌ని కాసేపు విననిస్తారు, రేడియోలో వేసే పాటకి అప్పట్లో ఇది ధైర్యమే. విక్స్ గొంతు వచ్చాక గమనించాల్సింది, ఆయన ఎక్కడా అరవడు. మాటల్లో అంత చేదు ఉన్నా గొంతు మెత్తగానే ఉంటుంది, కోపం అంతా హార్మొనీల్లో సర్దేశారు. చరణం నుంచి పల్లవిలోకి వెళ్ళేచోట రెండో గొంతు పైన చేరుతుంది చూడు, అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో కాదు, రెండు స్పీకర్ల మధ్య కూర్చుని విను.

ఆ సింగిల్ విని వర్జిన్ కంపెనీ ఈ బ్యాండ్‌ని తీసుకుంది. ఆల్బమ్ కోసం ప్రొడ్యూసర్లుగా రాబర్ట్ జాన్ మట్ లాంగ్, టిమ్ ఫ్రీజ్-గ్రీన్ వచ్చారు. మట్ లాంగ్ పేరు నీకు తెలిసే ఉంటుంది, అదే 1979లో ఏసీ/డీసీ బ్యాండ్‌కి 'హైవే టు హెల్' ఆల్బమ్ చేసింది ఆయనే, తర్వాత డెఫ్ లెపర్డ్, షనాయా ట్వైన్ దాకా వెళ్ళాడు. ఫ్రీజ్-గ్రీన్ తర్వాత టాక్ టాక్ బ్యాండ్‌తో కలిసి పూర్తిగా వేరే రకం సంగీతం చేశాడు. అంటే ఈ చిన్న బ్యాండ్ మొదటి ఆల్బమ్ వెనక అంత పెద్ద చేతులున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. బ్రిటన్‌లో 1979లో వచ్చిన 'షేడ్స్ ఇన్ బెడ్' మీద 'స్టారీ ఐస్' ఉంది కానీ అది మొదటి సింగిల్‌లో ఉన్నది కాదు, ఆల్బమ్ కోసం మళ్ళీ చేసింది. అదే ఏడాది అమెరికాలో బ్యాండ్ పేరుతో వచ్చిన ఎల్పీకి అట్ట వేరు, పాటల వరుస వేరు, 'స్టారీ ఐస్' మాత్రం పాత సింగిల్‌దే పెట్టారు. మళ్ళీ చేసినది చెడ్డదని నేను అనను, శబ్దం ఇంకొంచెం నునుపుగా ఉంటుంది, అన్నీ వాటి వాటి చోట పద్ధతిగా ఉంటాయి. కానీ సింగిల్‌లో నలుగురు కుర్రాళ్ళు ఇక ఇదొక్కటే అవకాశం అన్నట్టు వాయించిన ఊపు ఉంది, ఆ ఊపు రెండోసారి రాలేదు. అందుకే ఒక్కటే కొంటే అమెరికాది కొను అన్నాను. నీకు రెండు ప్రతులూ దొరికితే పక్కపక్కన పెట్టి ఒకదాని తర్వాత ఒకటి విను, నా మాట నమ్మక్కర్లేదు.

మిగతా పాటలు రెండిట్లోనూ ఉంటాయి. 'టీనరామా' ట్యూన్ విన్నాక రెండు రోజులు వదలదు. 'ఆల్ మెస్డ్ అప్ అండ్ రెడీ టు గో' గట్టి పాట. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం 'అఫెక్షన్ రిజెక్టెడ్', దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నువ్వు మాత్రం దాటేసి వెళ్ళిపోకు.

బ్రిటన్ ప్రతి తీసుకుంటే ఒకటి తప్పకుండా చూసుకో. మొదట్లో అమ్మిన ఎల్పీలతో పాటు అట్ట లోపల ఇంకో రికార్డు ఉచితంగా ఇచ్చారు, 'హై హీల్స్' అనే నాలుగు పాటల ఈపీ, అది కూడా ఎల్పీ సైజులోనే, 12 అంగుళాలది. అన్నీ వేరేవాళ్ళ పాటలే: కింక్స్‌ది ఒకటి, రోలింగ్ స్టోన్స్‌ది ఒకటి, స్పిరిట్ బ్యాండ్‌ది ఒకటి, బ్లూ యాష్ అనే అమెరికా బ్యాండ్‌ది ఒకటి. ఈ నాలుగు పేర్లు చూస్తే వీళ్ళ చెవులు ఎక్కడ పెరిగాయో తెలిసిపోతుంది. ముఖ్యంగా బ్లూ యాష్ పాట. 1973లో వచ్చి ఎవరికీ పట్టకుండా పోయిన బ్యాండ్ పాటని ఆరేళ్ళ తర్వాత సౌతెండ్ నుంచి వచ్చినవాళ్ళు వెతికి మరీ పాడారంటే ఎంత ప్రేమ ఉండాలి! కింక్స్ పాట 'సీ మై ఫ్రెండ్స్' మీద మన వాళ్ళకి ఇంకో ఆసక్తి కూడా ఉంటుంది. 1965లో రే డేవిస్ బొంబాయిలో ఆగినప్పుడు పొద్దున్నే జాలరులు పాడుకుంటూ వెళ్ళడం విని ఆ పాట కట్టాడు, తంబురా శ్రుతి లాగా కింద ఒకే స్వరం మోగుతూ ఉంటుంది. చారిటీ షాపుల్లో చాలాసార్లు ఈ రెండో రికార్డు మాయమైపోయి ఉంటుంది, అట్టలో చెయ్యి పెట్టి చూడు. ఉంటే నీ అదృష్టం, లేకపోతే ఎల్పీ ధర ఆ మేరకు తక్కువ ఉండాలి. అమెరికా వాళ్ళు ఇదే ఈపీని 7 అంగుళాల చిన్న రికార్డుగా ఇచ్చారు, ఫెయిర్‌లో చూసినదాంట్లో అది కూడా ఉంటే ఆ ధర న్యాయమే, లేకపోతే బేరమాడు. ఫెయిర్ ముగిసే వేళకి వెళ్తే తగ్గిస్తారు.

అమెరికాలో ఆల్బమ్ బిల్‌బోర్డ్ చార్టులో 41వ స్థానం దాకా, సింగిల్ 56వ స్థానం దాకా వెళ్ళాయి. సొంత దేశంలో అంత కూడా లేదు. కారణాలు చాలా చెప్తారు కానీ నాకు కనిపించేది టైమింగ్. 1979 ఆగస్టులో ద నాక్ బ్యాండ్ 'మై షరోనా' అమెరికాలో ఒకటో స్థానానికి వచ్చి ఆరు వారాలు అక్కడే కూర్చుంది, దాంతో కంపెనీలన్నీ సన్న టై కట్టుకున్న ప్రతి కుర్రాడినీ పవర్ పాప్ అని సంతకం చేయించుకున్నాయి. అంత వేగంగా ఎక్కించినదాన్ని అంతే వేగంగా దించారు. ఏడాది తిరిగేసరికి ఆ పేరు వింటేనే పత్రికలవాళ్ళు మొహం తిప్పుకునే పరిస్థితి. ద రికార్డ్స్ అందరికంటే ముందే పని మొదలుపెట్టి కూడా ఆ గుంపులో ఒకరిగా లెక్కకొచ్చారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే రెండో ఆల్బమ్ గురించి తప్పకుండా చెప్పాలి. 'క్రాషెస్', 1980. అమెరికా టూర్ తర్వాత హ్యూ గవర్ వెళ్ళిపోయాడు, ఆయన చోటులో జూడ్ కోల్ అనే అమెరికా కుర్రాడు వచ్చాడు, ఇంకా ఇరవై నిండలేదు. గిటారిస్టు మారాడని చాలామంది ఈ ఆల్బమ్‌ని పక్కన పెట్టేస్తారు. వాళ్ళ మాట వినకు. పాటలు రాసే చేతులు అవే కదా, నిజం చెప్పాలంటే రాత ఇక్కడే ఇంకా పదునెక్కింది. 'స్పెంట్ ఎ వీక్ విత్ యు లాస్ట్ నైట్' అని ఒక పాట పేరు, ఒక్క రాత్రిలో వారం గడిచిందట, బర్చ్ బుర్ర అలా పనిచేస్తుంది. 'రూమర్ సెట్స్ ద వుడ్స్ అలైట్' ఇంకొకటి, పుకారు అడవిని అంటించిందని. మాటకి మాట పేర్చుకుంటూ వెళ్ళే ఈ రకం రాత ఆ రోజుల్లో పాటల రచయిత నిక్ లో లాంటి ఒకరిద్దరికి తప్ప చేతకాలేదు.

ఈ ఆల్బమ్‌లో 'హార్ట్స్ ఇన్ హర్ ఐస్' ఉంది. దాని కథ నాకు చాలా ఇష్టం. లివర్‌పూల్ బ్యాండ్ ద సర్చర్స్ తెలుసు కదా, 1964లో 'నీడిల్స్ అండ్ పిన్స్' పాడినవాళ్ళు. బీటిల్స్ పక్కన నిలబడి గిటార్‌తో ఆ గణగణ శబ్దం తెచ్చినవాళ్ళు, దాని ప్రభావం అమెరికాలో బర్డ్స్ మీద పడింది, బర్డ్స్ నుంచి మళ్ళీ ద రికార్డ్స్ లాంటి కుర్రాళ్ళకి వచ్చింది. సర్చర్స్ 1979లో సైర్ కంపెనీలో కొత్త ఆల్బమ్ చేస్తుంటే వాళ్ళ కోసం బర్చ్, విక్స్ ఈ పాట రాశారు. అంటే చిన్నప్పుడు ఎవరి రికార్డులు విని పాట నేర్చుకున్నారో వాళ్ళే తమ పాట పాడారు. ఒక పాటల రచయితకి ఇంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది? సర్చర్స్ పాడినది మొదట వచ్చింది, తర్వాత తామే 'క్రాషెస్'లో పాడుకున్నారు. రెండూ బాగుంటాయి. సర్చర్స్‌ది నాకు ఒక పిసరు ఎక్కువ నచ్చుతుంది, గొంతుల్లో వయసు ఉంది కాబట్టి.

'క్రాషెస్' ధర సాధారణంగా మొదటి ఆల్బమ్ కంటే తక్కువే ఉంటుంది. కాబట్టి ఎక్కడ కనిపించినా తీసుకో, బ్రిటన్ ప్రతా అమెరికా ప్రతా అని కూడా చూడకు.

మూడోది 'మ్యూజిక్ ఆన్ బోత్ సైడ్స్', 1982. జూడ్ కోల్ వెళ్ళిపోయాడు, గిటార్‌కి డేవ్ వీలన్, పాడటానికి క్రిస్ జెంట్ వచ్చారు. విక్స్ బ్యాండ్‌లోనే ఉన్నాడు కానీ ముందు నిలబడి పాడేది ఇంకొకరు. పాటలు పర్లేదు, ఆ మెత్తటి గొంతు ముందు లేని లోటు మాత్రం మొదటి నుంచి చివరిదాకా తెలుస్తుంది. మొదటి రెండూ విని, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొను. ఆ ఆల్బమ్ తర్వాత బ్యాండ్ ముగిసింది. 1988లో వర్జిన్ 'స్మాషెస్, క్రాషెస్ అండ్ నియర్ మిసెస్' అని మంచి సంకలనం వేసింది, తక్కువ డబ్బుతో వీళ్ళని పరిచయం చేసుకోవాలంటే అది చాలు.

ఆ తర్వాత వీళ్ళు ఏమయ్యారో కూడా రాస్తాను. విల్ బర్చ్ రచయిత అయ్యాడు, పబ్ రాక్ చరిత్ర మీద 'నో స్లీప్ టిల్ కాన్వీ ఐలండ్' రాశాడు, తర్వాత గాయకులు ఇయన్ డ్యూరీ, నిక్ లో జీవితచరిత్రలు. నీకు ఆ కాలం మీద ఆసక్తి కలిగితే మొదటి పుస్తకం లైబ్రరీలో అడిగి చూడు, లోపల నుంచి చూసినవాడు రాసిన పుస్తకం. జాన్ విక్స్ 1990ల్లో అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు, అక్కడ కూడా చిన్న చిన్న వేదికల మీద ఈ పాటలు పాడుతూ, కొత్తవి రాస్తూనే ఉన్నాడు. క్యాన్సర్‌తో 2018 అక్టోబర్‌లో పోయాడు. ఫిల్ బ్రౌన్ అంతకుముందే 2012లో పోయాడు. జూడ్ కోల్ అమెరికాలో సొంతంగా ఆల్బమ్‌లు చేశాడు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. నువ్వు కొత్తగా మొదలుపెట్టావు కాబట్టి విడమర్చి చెప్తున్నా. రికార్డుని అంచులు పట్టుకుని వెలుతురు కింద ఏటవాలుగా తిప్పు. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు ఉంటే పెద్ద టెన్షన్ అక్కర్లేదు, చాలావరకు వినిపించవు. గోరు మెల్లగా ఆనించినప్పుడు తగిలే గీత ఉంటే మాత్రం అది టక్ టక్ మని వినిపిస్తుంది, సూది నడిచే గాడులకి అడ్డంగా ఎన్ని గాడులు దాటితే అన్ని చుట్లు. షాపులో వినే వీలుంటే ప్రతి వైపూ చివరి పాట వేసి విను, మొదటి పాట కాదు. రికార్డు మధ్యకి వెళ్ళేకొద్దీ చుట్టు చిన్నదైపోతుంది, అదే సమయంలో పట్టాల్సిన శబ్దం ఇరుకైన చోట కుక్కాల్సి వస్తుంది, అరిగిన సూదితో ఎవరైనా పదే పదే వాయించి ఉంటే మొదట దెబ్బతినేది అక్కడే. 'షేడ్స్ ఇన్ బెడ్'లో అయితే రెండో వైపు చివర 'అనదర్ స్టార్' వేసి విను, గొంతులో స అక్షరం వచ్చిన చోటల్లా బుసబుసలాడితే ఆ ప్రతి అరిగిపోయినట్టే. పైకి ఎంత మెరుస్తున్నా సరే వదిలెయ్.

బ్రిటన్ ప్రతి అని నిర్ధారించుకోవాలంటే అట్ట మీదా, రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ మీదా వీ 2122 అనే నంబరు చూడు. పాటలు అయిపోయాక లేబుల్‌కి ముందు గాడులు లేని నున్నటి చోటు ఉంటుంది కదా, అక్కడ గీకి రాసిన అంకెలు కూడా ఉంటాయి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసుకుని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో పోల్చుకో, ఏ ఫ్యాక్టరీలో ఎప్పుడు అచ్చయిందో చాలావరకు తేలిపోతుంది. అమెరికా ప్రతి వర్జిన్ పేరుతోనే ఉంటుంది కానీ అక్కడ పంపిణీ చేసింది అట్లాంటిక్ కంపెనీ, ఆ పేరు కూడా కనిపిస్తుంది. అమెరికా ఎల్పీ అట్ట మూల కోసేసి ఉన్నా, అంచున రంపంతో గాటు పెట్టినట్టు ఉన్నా కంగారు పడకు, అమ్ముడుపోక తిరిగొచ్చిన సరుకుని తక్కువ ధరకి వదిలేటప్పుడు అలా గుర్తు పెట్టేవాళ్ళు. లోపల రికార్డు చాలాసార్లు కొత్తదానిలా ఉంటుంది, ధర తగ్గించమని అడగడానికి నీకొక కారణం కూడా దొరుకుతుంది.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు బ్యాండ్ పేరు కొట్టి లాభం లేదు, ప్రపంచంలో ఉన్న రికార్డులన్నీ వచ్చి పడతాయి. ఆల్బమ్ పేరుతోనో, విల్ బర్చ్, జాన్ విక్స్ పేర్లతోనో వెతుకు. ఈ పేరు వల్లే అమ్మేవాళ్ళు కూడా తప్పుగా నమోదు చేస్తుంటారు, ఓపికగా వెతికితే అందరి కళ్ళూ తప్పించుకున్న ప్రతి నీకు దొరకొచ్చు.

చివరిగా గుంటూరు సంగతి. నాన్నగారి ప్లేయర్ ఏ రకమో చెప్పలేదు. ఘంటసాల భగవద్గీత ఎల్పీ దాని మీదే వినేవాళ్ళం అన్నావు కాబట్టి ఎల్పీలు తిరిగే 33 స్పీడ్ ఉండే ఉంటుంది, అంతవరకు ఓకే. కానీ పాత సూట్‌కేస్ రకం ప్లేయర్లలో సూది బరువు చాలా ఎక్కువ, మామూలుగా రెండు గ్రాముల చుట్టూ ఉండాల్సింది ఐదు ఆరు గ్రాములు కూడా పడుతుంది. పైగా ఆ సూది ఏళ్ళ తరబడి మార్చి ఉండరు. దాని మీద ఈ రికార్డులు వేయకు, ముందు సూది మార్పించు, కుదిరితే బరువు సరిచేసుకునే వీలున్న మామూలు టర్న్‌టేబుల్ ఒకటి కొనుక్కో. అలాగే నాన్నగారి ఎల్పీలు కూడా ఆ కొత్తదాని మీదే వినండి, అవి కూడా బతుకుతాయి.

తీసుకెళ్ళేటప్పుడు విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టకు, చేతి సంచిలో నిలువుగా పెట్టుకో. రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కాగితం కవరుతో సహా అట్ట వెనక పెట్టి, రెండిటినీ కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టు, లేకపోతే దారిలో కుదుపులకి రికార్డు అంచు తగిలి అట్ట పైభాగం చీలిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. మే నెల గుంటూరు ఎండ సంగతి నేను నీకు చెప్పక్కర్లేదు, కిటికీ పక్కనా, మేడ మీద గదిలోనా, కారులోనా పెడితే ఒక్క మధ్యాహ్నం చాలు, ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది, మళ్ళీ తిన్నగా అవదు. కింది గదిలో, బయటి గోడకి ఆనని బీరువా ఉంటే అందులో పెట్టుకో. వానాకాలంలో అట్టలకి బూజు పట్టకుండా నెలకొకసారి బయటికి తీసి గాలి తగలనివ్వు. తుడవడానికి కుళాయి నీళ్ళు వాడకు, గుంటూరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లగా గాడుల్లో పేరుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది కదా, సీలు తీయని డబ్బా కొని అది వాడు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడువు, మధ్య లేబుల్ తడవనివ్వకు.

అమెరికా ప్రతి కొన్నాక అట్ట, లేబుల్, ఆ గీకి రాసిన అంకెలు ఫొటోలు తీసి పెట్టు, చూసి ఏ ప్రెస్సింగో, అంటే ఎక్కడ ఎప్పుడు అచ్చయిందో చెప్తాను. 'క్రాషెస్' ప్రతులు రెండు కనిపిస్తే రెండూ చూసి, గీతలు తక్కువ ఉన్నది నువ్వు తీసుకుని రెండోది ఎక్కడ ఉందో నాకు చెప్పు, ఇక్కడ ఒక మిత్రుడు చాలాకాలంగా దాని కోసమే అడుగుతున్నాడు.